బానెట్ మూసి అమ్ముతున్నారు: కార్ల కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

సియామ్‌గా అందరికీ తెలిసిన భారత ఆటోమొబైల్ తయారీదారుల సంఘం పెద్దలకు, ఆ సంఘంలోని కార్ల కంపెనీల ప్రకటనల విభాగాలకూ సర్వీసు విభాగాలకూ,

నమస్కారం.

ప్రకటనల వాళ్లకూ సర్వీసు వాళ్లకూ కలిపి ఒకే ఉత్తరం ఏమిటని మీరనుకోవచ్చు. మీ ఆఫీసుల్లో వాళ్లు వేరువేరు అంతస్తుల్లో కూర్చుంటారేమో గానీ, అప్పు చేసి కారు ఇంటికి తెచ్చుకున్న మాకు ఇద్దరూ ఒకటే. ఎన్నో ఏళ్లుగా ఒక సంగతి గమనిస్తున్నాను. కారులో ఏ భాగం మీ ప్రకటనల్లో కనపడటం మానేస్తుందో, కొన్నాళ్లకు ఆ భాగం మా చేతికి అందడం కూడా మానేస్తుంది. ఇంజిను అలాగే పోయింది. హెడ్‌లైటు పోతోంది. స్టెప్నీ పోనే పోయింది. ఇదంతా యాదృచ్ఛికమని నేననుకోను. అలాగని కుట్ర అనీ అనను. అమ్మకానికి ఒక పద్ధతి దొరికింది, మీరు దాన్ని పట్టుకున్నారు, అంతే. ఆ పద్ధతి వల్ల మాకు ఎక్కడ నొప్పి పుడుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా మీ వృత్తి పెద్దలు చేసిన పనొకటి గుర్తుచేస్తాను. 1959 ఏప్రిల్‌లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కొత్త కారును పత్రికల వాళ్లకూ డీలర్లకూ చూపించారు. తెర తీసి కారును చూపించలేదు. విడిభాగాలు వేదిక మీదికి వచ్చాయి. మనుషులొచ్చి అందరూ చూస్తుండగా వాటిని బిగించి, మూడు నిమిషాల పైచిలుకులో కారును నిలబెట్టారు. ఆ కారే తర్వాత మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైంది. దాని బానెట్ రెండు పక్కల మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తిరగబడేది. ఇంజిను, ముందు సస్పెన్షన్, స్టీరింగు రాడ్లు అన్నీ బయటపడి కనిపించేవి. ముందు టైరు మీద కూర్చుని ప్లగ్గులు విప్పుకోవచ్చు. విప్పి బిగించుకోవడానికి వీలుగా ఉండటం ఆ కారుకు గొప్ప. అమ్మేవాడు ఆ గొప్పనే వేదికెక్కించాడు.

మన దేశంలో ఆ రోజుల్లో కారుకు ప్రకటన పెద్ద అవసరం కాదనుకోండి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ అని వేళ్ల మీద లెక్కపెట్టే రకాలు. అంతా లైసెన్సుల రాజ్యం. డబ్బు కట్టి ఏళ్లకేళ్లు కూర్చునేవాళ్లకు కారు గొప్పతనం గురించి వేరే చెప్పాలా? చోటు గురించి, గట్టిదనం గురించి రెండు మాటలు, పక్కన ఒక బొమ్మ, అంతటితో సరి. అసలు సంగతంతా కారుతో పాటు వచ్చే పుస్తకంలో ఉండేది.

మా బాబాయి తెనాలిలో అంబాసిడర్ టాక్సీ తిప్పేవాడు. పొద్దున్నే బండి స్టార్టు కాకపోతే ఆయన చేసే పని నాకిప్పటికీ వరస తప్పకుండా గుర్తు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులు బొటనవేలితో తప్పించి, లోపలి రోటార్ పైకి లాగి, పాయింట్లు నల్లబడ్డాయేమో వంగి చూసేవాడు. గరుకు కాగితం ముక్క మడిచి ఆ రెండు పాయింట్ల మధ్య పెట్టి అటూ ఇటూ లాగేవాడు. ఆ తర్వాత ఫీలర్ గేజితో సందు కొలిచేవాడు. 15 థౌ, అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 15. ప్లగ్గుకైతే 25. గేజి కనపడకపోతే ప్లగ్గు సందుకు రంపం బ్లేడు ముక్క పెట్టి చూసుకునేవాడు, ఆ బ్లేడు మందం ఇంచుమించు అంతే గనక. ఈ కొలతలు ఆయన కనిపెట్టినవి కావు. ట్యాపెట్ల సందు ఎంత ఉండాలో, ఏ నిపుల్‌కు ఎన్ని మైళ్లకోసారి గ్రీజు కొట్టాలో కంపెనీవాడే అచ్చు వేసి ఇచ్చాడు. బాబాయికి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూసి, అంకెలు చదివి, షెడ్డులో అడిగి పట్టేశాడు.

ఇది పాతదంతా బంగారమని చెప్పడానికి కాదు. అదే బండి ఎండాకాలంలో హైదరాబాదు వెళ్తుంటే నందిగామ దాటకముందే ఉడికి ఆవిర్లు కక్కేది. బ్రేకుల సంగతి తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. వారానికోసారి బానెట్ ఎత్తక తప్పకపోవడం సుఖమేమీ కాదు. ఇంట్లో ఆడవాళ్లకు ఆ కారు మీద ఉన్న అభిప్రాయం ఇక్కడ రాయడం బాగుండదు.

అందుకే 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చినప్పుడు జనం ఎందుకు ఎగబడ్డారో నాకు బాగా అర్థమవుతుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ధర 50 వేల లోపు. తిప్పితే స్టార్టయ్యేది. అయినా లోపల ఉన్నది పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటరే, డిస్ట్రిబ్యూటరే. విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్కులు దాన్ని చూస్తుండగానే కొట్టినపిండి చేసుకున్నారు. కారు మంచిదైంది, మెకానిక్కు చెయ్యి మాత్రం ఇంకా లోపలే ఉంది. మీ కంపెనీల చరిత్రలో ఈ రెండూ కలిసి నడిచిన కాలం అది. ఆ కాలాన్ని మీరే మరిచిపోయినట్టున్నారు.

మరవడం అంటే గుర్తొచ్చింది. 1980లలోనే హీరో హోండా సీడీ 100 వచ్చింది. ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అన్నారు. పెట్రోలు పోయించుకో, మూత పెట్టు, ఆ ఊసే మరిచిపో అని. అది మోటారు సైకిలు, కారు కాదు. చెప్పింది కూడా పెట్రోలు పొదుపు గురించే, మరమ్మతు గురించి కాదు. అయినా నా లెక్కలో మన దేశపు బండ్ల ప్రకటనల్లో మలుపు అక్కడే ఉంది. అంతకుముందు బండి కొనడమంటే ఆ బండిని నేర్చుకోవడం కూడా. మొట్టమొదటిసారి ఒక ప్రకటన, నేర్చుకోనక్కర్లేదని, అదే సుఖమని చెప్పింది. చెప్పింది నిజం కూడా. ఆ బండి అంత మంచిది. మంచి బండి చేసినవాడు ఆ మాట అనొచ్చు. కానీ ఆ తర్వాత అందరూ ఆ మాటనే పట్టుకున్నారు.

1990లలో మార్కెట్ తెరుచుకుంది. 1998లో శాంత్రోతో పాటు షారుక్ ఖాన్ మన ఇళ్లల్లోకి వచ్చాడు. అదే ఏడాది చివర ఇండికా కనపడింది. ఆ కొద్ది ఏళ్లూ మాత్రం ఇంజిను మళ్లీ కాస్త ముచ్చటైంది. కార్ల వెనక ‘ఎంపీఎఫ్ఐ’ అని మెరిసే అక్షరాలు గుర్తున్నాయా? దాని అర్థం తెలియనివాళ్లు కూడా పెళ్లిళ్లలో దాని గురించి మాట్లాడుకున్నారు. కార్బురేటర్ బదులు ప్రతి సిలిండరుకూ విడిగా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, ఎంత చిమ్మాలో లెక్కగట్టే చిన్న కంప్యూటరు. నాకు తెలిసి మీ ప్రకటనలు జనానికి నేర్పిన ఆఖరి ఇంజిను మాట అదే.

తర్వాత మైలేజీ కాలం. ‘కిత్నా దేతీ హై’, అంటే ‘లీటరుకు ఎంతిస్తుంది’ అని మారుతి వాళ్లు మనల్నందరినీ బాగా నవ్వించారు. నేనూ నవ్వాను. ఎంత పెద్ద యంత్రాన్ని చూపించినా మనవాడు అడిగే మొదటి ప్రశ్న అదేనని పట్టేసిన ప్రకటన అది, కాదనలేం. ఆ తర్వాత 2019లో ఎంజీ హెక్టర్ ఒంటి మీద ‘ఇంటర్నెట్ ఇన్‌సైడ్’ అని రాసుకుని వచ్చింది. లోపల ఏముందో కారు తనే చెప్పుకుంటోంది, అది ఇంజిను కాదు. ఇప్పుడు టీవీలో ఏ కారు ప్రకటన చూసినా ఒకటే వరస: కొండ మీద మలుపు, ఆకాశం కనపడే పైకప్పు, గోడంత తెర, ‘హలో’ అంటే పలికే గొంతు, వెనక సీట్లో నవ్వే పిల్ల. ముప్పై సెకన్లలో బానెట్ ఒక్కసారి తెరుచుకున్న ప్రకటన చూసి ఎన్నేళ్లయిందో చెప్పలేను.

మీ వైపు న్యాయం కూడా చెప్పాలి. కార్బురేటర్ పోవడం మీ ఇష్టాయిష్టాల వల్ల కాదు. 2000 నుంచి పొగ ప్రమాణాలు బిగుస్తూ వచ్చాయి. 2017లో దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. గరుకు కాగితంతో సర్దే పాయింట్లు ఆ లెక్కలకు అందవు. హైదరాబాదులో, విజయవాడలో మా పిల్లలు పీల్చే గాలి కోసం ఆ మార్పు రావాల్సిందే. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ కూడా అంతే. వాటిని ఇంటి ముందు వేపచెట్టు కింద పానా పట్టుకుని విప్పుతానని నేననడం లేదు. ఎలక్ట్రిక్ కార్లలో అధిక వోల్టేజి మోసే నారింజ రంగు కేబుళ్ల జోలికి శిక్షణ లేనివాడు వెళ్తే ప్రాణం పోతుంది. ఆ రంగు వేసిందే అందుకు. కాబట్టి నేనడిగేది పాతకాలం తిరిగి తెమ్మని కాదు. పొగ నిబంధనలతోనూ భద్రతతోనూ ఏమాత్రం సంబంధం లేనివి కూడా ఆ ముసుగులో మూసేశారు. నా తగాదా వాటితోనే.

హెడ్‌లైటు తీసుకోండి. పదేళ్ల నాటి చిన్న కారులో హెచ్4 బల్బు ఉంటుంది, 60/55 వాట్లు. బానెట్ ఎత్తి, లైటు వెనక మూడు కాళ్ల సాకెట్టు ఊడలాగి, రబ్బరు తొడుగు తీసి, తీగ క్లిప్పు నొక్కి పక్కకు తిప్పితే బల్బు చేతిలోకి వస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. అంతే పని. ఖర్చు వందల్లో. ఇది మా అమ్మాయికి నేర్పాను, ఒక్కసారి చూసి చేసేసింది. ఇప్పుడు మీరు ప్రకటనల్లో కనుబొమలా మెరిపించి చూపించే ఎల్ఈడీ హెడ్‌లైటు చాలా కార్లలో సీలు వేసిన ఒకే డబ్బా. లోపల ఒక చిన్న సర్క్యూటు పోయినా, చెమ్మ చేరినా డబ్బా మొత్తం మార్చాలి. పదివేలు దాటడం మామూలు విషయం, ఖరీదైన కార్లకు లక్ష దాటుతుంది. ఎల్ఈడీ ఎక్కువ కాలం మన్నుతుందని మీరంటారు, నిజమే. కానీ మన ఊళ్లలో హెడ్‌లైటు పోయేది వయసు మీరి కాదు, గేదె అడ్డం వచ్చి, లేదా ఆటోవాడు రివర్సులో తగిలించి. మన్నిక లెక్క అప్పుడు ఏం కాను?

స్టెప్నీ సంగతి ఇంకా విచిత్రం. 2020లో కేంద్రం నిబంధన సడలించింది. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్పేర్ చక్రం ఇవ్వనక్కర్లేదు. ఆ మిగిలిన చోటును మీరు ప్రకటనలో ‘విశాలమైన డిక్కీ’ అంటారు. కిట్‌లో ఉన్న జిగురు మేకు దిగిన రంధ్రానికి పనికొస్తుంది. రాయి కోసి టైరు పక్కగోడ చీలితే పనికిరాదు. శ్రీశైలం ఘాటులో రాత్రి పూట ఆ తేడా బాగా తెలుస్తుంది. చక్రం మార్చడం మామూలు మనిషికి మిగిలిన ఆఖరి మరమ్మతు. దాన్నీ లగేజీ కింద లెక్కగట్టి తీసుకున్నారు.

ఇక మాన్యువల్. మా కారు మాన్యువల్‌లో దాదాపు ప్రతి సమస్యకూ ఒకటే జవాబు: అధీకృత డీలర్‌ను సంప్రదించండి. ఆ జవాబైనా ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు టీవీలో మీ కార్లు చక్కటి తెలుగు మాట్లాడతాయి. సంక్రాంతికి ముగ్గులు, దసరాకు బంతిపూలు, ఉగాదికి పచ్చడి, ఏదీ వదలరు. పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయి, శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి, వాటిని బిగించే చేతులు మా పిల్లలవి. అమ్మేదాకా ఇంత తెలుగు వచ్చిన మీ రంగానికి అమ్మాక ఎందుకు రాదు? వైపర్ బ్లేడు మార్చడం, ఫ్యూజు ఎక్కడుందో చూడటం, కూలెంట్ గీత ఎక్కడిదాకా ఉండాలో చెప్పడం, వీటికి నాలుగు పేజీల తెలుగు అచ్చు వేస్తే మీ లాభాలు తరిగిపోతాయా?

మీరు రాయని ఆ నాలుగు పేజీలు యూట్యూబ్‌లో మా మెకానిక్కులే చెబుతున్నారు. పోయిన వేసవిలో మా కారు ఏసీ గాలి నీరసంగా వస్తోందని సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. ఏ కంపెనీదో, ఏ ఊరిదో ఇక్కడ అనవసరం. బండి చూడకముందే ‘ఏసీ ట్రీట్‌మెంట్’, ‘ఎవాపొరేటర్ క్లీనింగ్’, దానికి తోడు ఏదో నురగ, మొత్తం వేలల్లో అంచనా చేతికిచ్చారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చి ఒక తెలుగు వీడియో పెట్టుకున్నాను. గ్లవ్ బాక్సు తెరిచి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందికి వేలాడుతుంది. దాని వెనక పొడవాటి ప్లాస్టిక్ మూత. మూత తీస్తే ఫిల్టరు. బయటికి లాగితే మడతల నిండా బూడిదలాంటి దుమ్ము, ఎండిన వేపాకులు, ఒక ఈగ రెక్క. కొత్త ఫిల్టరు స్పేరు పార్టుల షాపులో కొని, మీద గుర్తున్న బాణం గాలి వెళ్లే వైపు ఉండేలా పెట్టి మూసేశాను. గాలి హోరుమంది. పానా కూడా అవసరం లేని పని అది. ఆ వీడియో చేసినతను మధ్యలో, ‘అన్నా, బాణం చూసుకోండి, ఉల్టా పెడితే మళ్లీ నన్ను తిట్టొద్దు’ అన్నాడు. మీ మాన్యువల్ రాసేవాళ్లు ఆ మాట ఎలా చెప్పాలో అతన్ని అడిగి నేర్చుకోవచ్చు.

సొంతంగా చేసుకునేవాళ్లందరూ సాధువులని కూడా అనను. ఆయిల్ మార్చి, తీసిన నల్లనూనెను వీధి కాలవలో పోసేవాళ్లను చూశాను. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి కారు కిందికి దూరేవాళ్లను చూశాను. వీడియోల్లో పనికిమాలిన సలహాలూ బోలెడు. సరైన సమాచారం కంపెనీ దగ్గరే బిగించి ఉన్నంతకాలం పుకార్లకు గిరాకీ తగ్గదు.

ఈ ఉత్తరంలో నేనడుగుతున్నది నా సొంత కోరికల జాబితా అనుకోకండి. మీకిది ఎప్పుడో చెప్పారు. 2011లో ఒక వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసులో, 2014 ఆగస్టు 25న, మార్కెట్లో పోటీ సరిగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలు విడిభాగాలనూ మరమ్మతు పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనివ్వకుండా చేస్తున్నాయని తేల్చి, అన్నింటికీ కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ జరిమానా మీద మీరు అప్పీళ్లకు వెళ్లారు. 2016 డిసెంబరులో ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు తప్పేనని, జరిమానా లెక్క మాత్రం తగ్గించాలని చెప్పింది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. జరిమానా కంటే నాకు ముఖ్యం కమిషన్ ఆరోజు ఇచ్చిన ఆదేశాలు. విడిభాగాలు కౌంటర్ మీద దొరకాలి, వాటి ధరలు బహిరంగంగా పెట్టాలి, బయటి మెకానిక్కుకు పరికరాలు, సమాచారం దొరకాలి. అన్నిటికన్నా, బయట మరమ్మతు చేయించాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదు. బయటి పని వల్ల ఏ భాగం పాడైందో ఆ మేరకే వారంటీ కాదనవచ్చు.

ఇప్పుడు ఏ షోరూముకైనా వెళ్లి, ‘బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ ఉంటుందా?’ అని అడిగి చూడండి. మీరే కొనుగోలుదారులా వెళ్లండి. ‘పోతుంది సార్’ అనే జవాబు ఎంత వేగంగా వస్తుందో చూడండి. పాపం ఆ కుర్రాడిది కాదు, అతనికి అలాగే నేర్పారు.

దీని దెబ్బ నా ఒక్కడిదే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ని కాదు. ఆటోనగర్‌లో, సికింద్రాబాదు రాణిగంజ్ చుట్టుపక్కల సందుల్లో, ప్రతి మండలకేంద్రంలో బస్టాండు పక్కన ఒక షెడ్డు ఉంటుంది. 2013 నుంచి కార్లలో ఓబీడీ-2, అంటే కారు తన లోపాలను తనే పసిగట్టి కోడుల్లో చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది, దానికి చవక బ్లూటూత్ పరికరం తగిలించి ఫోన్లో చూసినా పొగకు సంబంధించిన ఎర్రర్ కోడులు కనపడతాయి. అంతవరకు బాగుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంట్రోల్, తాళం కోడింగ్ దగ్గరికి వచ్చేసరికి మీ సొంత స్కానర్, మీ సొంత పాస్‌వర్డు. షెడ్డు మెకానిక్కు ఏం చేస్తాడు? ఎవరో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో వేయించుకుని, దేవుడి మీద భారం వేసి పని చేస్తాడు. దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడని మీరే వాణ్ని తప్పుపడతారు. డబ్బిస్తాను, అసలుది ఇవ్వండి అంటే ఇచ్చే కిటికీ ఏది?

ఇది లోకంలో ఎక్కడా లేని కోరిక కాదు. యూరప్‌లో కార్ల కంపెనీలు మరమ్మతు సమాచారాన్ని బయటి గ్యారేజీలకు కూడా వెబ్‌సైటు ద్వారా, తగిన రుసుము తీసుకుని, ఇవ్వాలని 2007 నాటి చట్టమే చెప్పింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో కార్ల మరమ్మతు హక్కు చట్టం చేసింది. కారు నుంచి వైర్‌లెస్‌గా కంపెనీకి వెళ్లే సమాచారాన్ని కూడా యజమానికి ఇవ్వాలని 2020లో అక్కడి జనం ఓటేసి మరీ అడిగారు. అక్కడ కార్లు అమ్ముతున్న కంపెనీల్లో కొన్ని ఇక్కడా మీ సంఘంలో ఉన్నాయి. అట్లాంటిక్ అవతల వీలైన పని కృష్ణా ఒడ్డున వీలు కాదా? మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఒక పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు ఒక విభాగం. కొందరు మీలో ధరలూ సర్వీసు ఖర్చులూ వెబ్‌సైట్లలో పెట్టడం మొదలెట్టారు, చూశాను, సంతోషం. కానీ అది వెబ్‌సైటులో ఎక్కడో మూలన ఉంటుంది, సన్‌రూఫ్ మాత్రం మొదటి పేజీలో ఉంటుంది.

అసలు నేను ప్రకటనల విభాగాన్ని ఇందులోకి లాగింది అందుకే. మీరు దేన్ని గొప్పగా చూపిస్తే ఇంజినీర్లు దాన్నే చేస్తారు. భద్రత సంగతే చూడండి. క్రాష్ టెస్టు నక్షత్రాల గురించి ఒకప్పుడు మన దగ్గర ఎవరికీ పట్టేది కాదు. 2023లో మన దేశంలోనే కార్లను గుద్ది చూసి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ వచ్చేనాటికే కొన్ని కంపెనీలు అయిదు నక్షత్రాలను పెద్ద అక్షరాల్లో వేసుకోవడం మొదలెట్టాయి. దాంతో కొనేవాళ్లు అడగడం నేర్చుకున్నారు, మిగతా కంపెనీలకు గట్టి బాడీ చేయక తప్పలేదు. ప్రకటన మంచికి కూడా పనిచేస్తుందని మీరే రుజువు చేశారు. మరి బాగుచేసుకోవడానికి ఎంత వీలుగా ఉందన్నది ఎందుకు గొప్ప కాకూడదు? దానంతట అదే బ్రేకు వేసే కారును చూపిస్తారు. దానికోసం రోడ్డును చూసే కెమెరా చాలా కార్లలో ముందు అద్దానికి అంటించి ఉంటుంది, అద్దం పగిలి మారిస్తే కెమెరాను మళ్లీ కొలతకు సర్దించాలి, దానికి వేరే ఖర్చు. ఆ మాట ఒక వాక్యంలో చెప్పడానికి ప్రకటనలో చోటుండదు. ‘షరతులు వర్తిస్తాయి’ అని గాలిలా చదివేయడానికి మాత్రం ఉంటుంది.

నాకు కావలసింది చాలా చిన్న సంగతి, దసరా పత్రికల్లో మీరు వేసే నిండు పేజీ ప్రకటనతోనే మొదలుపెట్టవచ్చు. ఎక్స్ షోరూమ్ ధర, నెలవారీ వాయిదా వేసిన చోటే, అదే సైజు అక్షరాల్లో, ఒక హెడ్‌లైటు ధర, ముందు బంపర్ ధర, ఒక సైడు అద్దం ధర, ముందు బ్రేకు ప్యాడ్ల జత ధర వేయండి. స్టెప్నీ ఉందో లేదో వేయండి. బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోదని ఒక వాక్యం తెలుగులో వేయండి, అది మీ షోరూము కుర్రాడికి కూడా చేరుతుంది. బల్బు, ఫిల్టరు, ఫ్యూజు, బ్యాటరీ యజమాని చేతికి అందేలా కొత్త మోడళ్లు గీయించండి, గీయించాక దాన్ని ముప్పై సెకన్లలో చూపించండి. హీరో కారు దిగి నడిచి వచ్చేటప్పుడు స్లో మోషన్ ఎలాగూ పెడతారు, ఆ అయిదు సెకన్లలో బానెట్ ఎత్తించండి. స్కానరూ సమాచారమూ షెడ్డు మెకానిక్కుకు నెలకో ఏడాదికో రుసుముతో ఇచ్చే కిటికీ తెరవండి. ఎంతో చెప్పండి, ఆటోనగర్‌లో నలుగురు కలిసి ఒక చందా కట్టుకుంటారు, వాళ్ల లెక్కలు మీకంటే వాళ్లకు బాగా తెలుసు.

వీటిలో ఏది పొగ నిబంధనకు అడ్డమో, ఏది భద్రతకు ముప్పో ఒక్కొక్కటిగా రాసి జవాబివ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో సియామ్ పేరుతోనే, అందరూ చూసేలా, వీలైతే తెలుగులో రాయండి. హెడ్‌లైటు ధర వేయడానికి మాత్రం కారణాలు వెతకొద్దు. అది మీ కంప్యూటర్‌లో ఉంది, డీలర్ కౌంటర్లో ఉంది, ఇన్సూరెన్సు సర్వేయర్ ఫోన్లో ఉంది. కారు కొనబోయేవాడి ముందు మాత్రమే లేదు.

ఇట్లు,
ఒక కారు యజమాని,
గుంటూరు